ఇసుకకి నీళ్ళు పోసినవాడు

గల్ఫ్‌లో సైనిక శిబిరాలకి మెకానిక్కులుగా వెళ్ళే కుర్రాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికొస్తుంటారు. "బాబాయ్, అక్కడ యుద్ధం జరుగుతుంటే మీరు పక్కనే ఉన్నారట కదా, రెండు ముక్కలు చెప్పండి" అంటారు. నేను గొంతు సవరించుకునేలోపు వంటింట్లోంచి మా ఆవిడ, "ఆయన యుద్ధంలో నీళ్ళు పోశారు నాయనా, ముందు అది చెప్పించుకోండి" అని అరుస్తుంది. ఇంకేముంది, నా గాంభీర్యమంతా గాలి తీసిన టైరైపోతుంది.

అందుకని రాసేస్తున్నాను. జీతమెంత, సెలవులెన్ని, ఏ కాగితం మీద ఎవరి ముద్ర పడాలి అనేవి ఇందులో ఉండవు. అవి ఏజెంటు చెబుతాడు, సగం అబద్ధం కలిపి. పనిలో నిజంగా ఏముంటుందో, దాన్ని నేనెంత తెలివితక్కువగా నేర్చుకున్నానో అది మాత్రం చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యాక నీళ్ళ డబ్బా నింపుకుని బయల్దేరండి.

ఇసుక తెలిసినవాడు

మాది కోనసీమ. రావులపాలెం దగ్గర ఒక లారీ షెడ్డులో పని నేర్చుకున్నాను. షెడ్డుకొచ్చే లారీల్లో సగం గోదావరి ఇసుక ర్యాంపులవే. ర్యాంపులో లారీ దిగబడితే కబురు నాకే వచ్చేది. చక్రాల కింద కొబ్బరి మట్టలు తోసి, ఇసుక మీద బిందెలతో నీళ్ళు గుమ్మరించి, "పట్టండ్రా, నెట్టండ్రా" అని అరిస్తే లారీ గట్టెక్కేసేది. పొడి ఇసుక చక్రాన్ని మింగుతుంది, తడి ఇసుక మోస్తుంది. మా వైపు ఇసుక తోలే ప్రతివాడికీ తెలిసిన సంగతే ఇది. నీళ్ళకి కొదవేముంది, పక్కనే గోదావరి.

డెబ్బైల చివర బొంబాయిలో ఒక గల్ఫ్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళాను. కోటు వేసుకున్న ఒకాయన "ఎడారిలో పనిచేశావా?" అని అడిగాడు. ఎడారిని నేను పాఠ్యపుస్తకంలో బొమ్మ చూశాను. అందులో ఒక ఒంటె ఉంటుంది. "ఇసుకలో చాలా ఏళ్ళు చేశానండి" అన్నాను. అబద్ధం కాదు చూడండి. సత్యనారాయణ అని పేరు పెట్టుకుని అబద్ధమాడతామా? ఆయన కాగితం మీద ఏదో గీసి, పక్కాయనతో "ఇసుక వాహనాల నిపుణుడు" అన్నాడు. నేను వినయంగా తల దించుకున్నాను. ఆ తల ఎత్తి "అంత లేదండీ" అని ఉంటే ఈ కథా లేదు, నాకు కువైట్ కూడా లేదు.

మొదట్లో కువైట్ సిటీ వర్క్‌షాపులో నీడపట్టున హాయిగానే గడిచింది. ఈలోగా ఇరాన్‌కీ ఇరాక్‌కీ యుద్ధం మొదలైంది. కువైట్ ఆ యుద్ధంలో లేదు. కానీ పక్కింట్లో కత్తులు తీస్తే మనం తలుపు గడియ పెట్టుకోమూ? సరిహద్దు వైపు ఎడారిలో కొత్త శిబిరాలు లేచాయి. వాటిలో ఒక శిబిరం బళ్ళు బాగుచేసే పని మా కంపెనీకి వచ్చింది. ఎవర్ని పంపాలా అని వెతికితే కాగితాల్లో నేను దొరికాను. నిపుణుణ్ణి కదా, ఎగరేసుకుపోయారు.

దిండుతో వచ్చిన సైనికులు

సైనికుడంటే బుర్రమీసం, ఎర్రకళ్ళు ఉంటాయనుకుని వెళ్ళాను. తీరా చూస్తే అందరూ నూనూగు మీసాలవాళ్ళే. ఆ దేశపు కుర్రాళ్ళు కొంతకాలం తప్పనిసరిగా సైన్యంలో చేయాలి. అలా వచ్చిన బాపతు. జాబ్రియా లాంటి నగరపు పేటల్లో ఏసీ గదుల్లో పెరిగినవాళ్ళు, చెమటంటే ఏదో రోగమనుకునేవాళ్ళు. ఒకడికి బూటు లేసు కట్టుకోవడం రాదు. ఇంకొకడు పరేడ్ మధ్యలో చెయ్యెత్తి మంచినీళ్ళు అడిగాడు. వైర్‌లెస్ చూసే ఫహద్ అనేవాడైతే ఇంటి నుంచి తన దిండు తెచ్చుకున్నాడు. నీలం పువ్వుల గలీబు. ఎక్కడికెళ్ళినా ఆ దిండు వాడి చంకలోనే.

ఆ పిల్లల్ని చూసి నవ్వేవాణ్ణి. ఆ నవ్వెంత అన్యాయమో తర్వాత తెలిసింది. గాలి ఉత్తరం నుంచి వీస్తే దూరంగా ఫిరంగుల మోత వినిపించేది, ఎవరో పెద్ద తలుపు ధబాలున వేసినట్టు. మొదటిసారి విన్నప్పుడు ఫహద్ దిండు కావిలించుకున్నాడు. నేను ఇంజిను కిందికి దూరి, బోల్టు ఏదో బిగిస్తున్నట్టు చాలాసేపు నటించాను. వాడే నయం, నటించలేదు.

వాళ్ళ అధికారి ములాజిం నాసిర్. ములాజిం అంటే లెఫ్టినెంటు. పాతికేళ్ళుంటాయేమో. ఇంగ్లండులో శిక్షణ పొంది కొత్తగా వచ్చాడు. దారి తెలియకపోతే పటం చూస్తాడు, పటం అర్థం కాకపోతే నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటాడు. మనిషిని అడగడు. ఒకరోజు నా దగ్గర టీ తాగుతూ గొంతు తగ్గించి చెప్పాడు.

"సత్తీ, అందరూ నన్ను చూసి ఎడారివాడనుకుంటారు. మా తాత ముత్యాల ఓడ మీద పనిచేసేవాడు. మా ఇంట్లో అందరికీ సముద్రం తెలుసు. ఇసుక ఎవడికీ తెలీదు. ఈ మాట సైనికులతో అనకు."

"అనను సిద్దీ" అన్నాను. సిద్దీ అంటే సారు. నాకూ నీళ్ళే తెలుసు, ఇసుక తెలీదని ఆ క్షణంలో చెప్పేయాలని నాలిక చివరి దాకా వచ్చింది. చెప్పి ఉంటే ఇద్దరం ఒకే ఓడలో ఉన్నామని తెలిసేది. కానీ ఆయన వెంటనే "నువ్వున్నావు కాబట్టి ధైర్యం" అనేశాడు. పొగడ్త కదా, లడ్డూలాగా మింగేశాను.

అందరి మీదా ఒక మేజరుగారు. పాతకాపు. ఆయనకి అన్నీ తెలుసు, ఎవరికీ ఏదీ చెప్పడు. చిన్నవాళ్ళు తప్పుచేస్తే చూసి ఆనందించే రకం. నా అనుభవంలో తెలియని బాసు కంటే తెలిసీ నేర్పని బాసు ప్రమాదం.

శిబిరంలో ఒక పఠాన్ డ్రైవరు ఉండేవాడు. నన్ను చూసినప్పుడల్లా "ఇసుకలోకి వెళ్ళేముందు టైర్లలో గాలి తియ్ భాయ్" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ టైర్లకి గాలి కొట్టినవాణ్ణి. మెకానిక్కు చేతుల మీదుగా బండి చప్పబడ్డ టైర్లతో బయటికెళ్తే పరువేం కావాలి? ఆయన మాట ఆ చెవిన విని ఈ చెవిన వదిలేశాను.

గోదావరి వైద్యం

ఒక వేసవిలో పొద్దున్నే ఆజ్ఞ వచ్చింది. కుర్రాళ్ళని రెండు లారీల్లో ఎక్కించుకుని, ఎడారికి అడ్డంపడి ఇంకో కాపలా స్థావరం దాకా వెళ్ళి రావాలి. ముందు ములాజిం జీపు, వెనక లారీలు, ఒక లారీకి తగిలించిన మంచినీళ్ళ ట్రెయిలరు, అన్నిటికీ వెనక నా రిపేరు వ్యాను. పఠానుకి ఆ రోజు జ్వరం. "మరేం ఫర్వాలేదు, సత్తి ఉన్నాడు" అన్నారు ములాజింగారు. ఆయ్, ఉన్నాను.

ముందురోజు దుమ్ముగాలి వీచి పాత చక్రాల జాడలన్నీ తుడిచేసింది. ములాజింగారు కాసేపు పటం చూశారు. తర్వాత నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నారు. నాకు అర్థమైపోయింది. ఎండ ముదిరేసరికి మొదటి లారీ మెత్తటి ఇసుకలో కూరుకుపోయింది. దాన్ని తప్పించబోయి రెండోది కూడా దిగింది. కుర్రాళ్ళు దూకి, కాసేపు నెట్టి, నీడకోసం లారీ కిందికి చేరారు. ములాజిం నా వ్యాను దగ్గరికొచ్చి, సైనికులందరూ వింటుండగా అడిగాడు. "ఖబీర్, ఏం చేద్దాం?"

ఖబీర్ అంటే నిపుణుడు. జీవితంలో మొదటిసారి నన్ను ఒక అధికారి ఆ మాటతో పిలవడం. ఛాతీ ఉబ్బింది. మెదడు అక్కడే ఆగిపోయింది.

"నీళ్ళు పోయించండి సిద్దీ" అన్నాను.

"దేనికి?"

"ఇసుకకి. తడిస్తే గట్టిపడుద్ది."

ఆయన ఒక్క నిమిషం ట్రెయిలరు వైపు చూశాడు. అప్పుడైనా నాకు తట్టాలా? తట్టలేదండీ. నీళ్ళు అయిపోతాయనే ఊహ గోదావరి ఒడ్డున పుట్టినవాడికి రాదు. పైగా "మా దేశంలో పెద్ద పెద్ద లారీల్ని ఇలాగే తీస్తాం" అన్నాను కూడా. ఆయన "యల్లా" అని ఆజ్ఞ ఇచ్చాడు. కుర్రాళ్ళు బకెట్లతో పోశారు. మొదటి లారీ నిజంగానే గట్టెక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫహద్ దిండు గాల్లోకి ఎగరేశాడు. నేను చెయ్యి ఊపాను, ఓట్లలో నెగ్గినవాడిలాగా.

అది గట్టెక్కకుండా ఉంటే బాగుండేది. మొదటిది వచ్చింది కదా అని మిగిలిన నీళ్ళన్నీ రెండోదానికి పోయించాను. పైన చెక్కు కట్టినట్టు తడిసిందే గానీ, కింద పొడి ఇసుక అలాగే ఉంది. చక్రం తిరగ్గానే పెంకు పగిలి లారీ ఇరుసుదాకా కూర్చుంది. పోసిన నీళ్ళని ఆ ఎండ ఎత్తుకుపోయింది. చూస్తుండగానే తడి మచ్చ కూడా లేదు.

"ఇంకా పోయండి" అన్నాను.

"ఖలాస్" అన్నాడు బకెట్టు పట్టుకున్న కుర్రాడు. ట్రెయిలరు కుళాయి తిప్పి చూపించాడు. గాలి వచ్చింది.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. వైర్‌లెస్‌లో శిబిరాన్ని పిలవమన్నాడు ములాజిం. బ్యాటరీ నీరసంగా ఉంది. మార్చే బ్యాటరీ ఏదని అడిగితే ఫహద్ ఏడుపు మొహం పెట్టాడు. సంచిలో చోటు చాలక దాన్ని శిబిరంలోనే పెట్టి వచ్చాడట. సంచిలో ఏముందో నేను అడగలేదు, గలీబు పువ్వులు బయటికి కనబడుతూనే ఉన్నాయి.

ఫిరంగులకి వీపు

ఆ పరిస్థితిలో అసలు భయం దాహం ఒక్కటే కాదు. దారి తప్పి ఉత్తరానికి వెళ్ళామా, నేరుగా యుద్ధం ఒళ్ళో కూర్చుంటాం. నడినెత్తిన ఎండ, ఏ దిక్కు చూసినా ఒకేలా ఉంది. అప్పుడు దూరంగా ఆ ధబధబ వినిపించింది. కుర్రాళ్ళు బిగుసుకుపోయారు. ములాజిం మాత్రం కళ్ళద్దాలు తీసేశాడు.

"అది ఉత్తరం" అన్నాడు. "వీపు దానికి పెట్టి వెళదాం."

ఆ రోజు మా బృందంలో ఎవరికైనా వచ్చిన తెలివైన ఆలోచన అదొక్కటే. దిగబడిన లారీని అక్కడే వదిలేసి, మిగిలిన బళ్ళలో కుక్కుకుని, మోత వినబడినప్పుడల్లా చెవులు రిక్కిస్తూ బయల్దేరాం. కాస్త దూరం పోయేసరికి రేడియేటర్లు పొగలు కక్కాయి. వాటికి పోయడానికీ నీళ్ళు లేవు. ఫహద్ మాట్లాడ్డం మానేశాడు. కాసేపటికి చెమట పట్టడం కూడా మానేసి, ఒళ్ళు పెనంలా కాలుతూ, తల వాల్చేశాడు. ఆ దిండు మీదే. వడదెబ్బ అది. మా ఊళ్ళో పొలాల్లో చూశాను, తెలుసు. నీళ్ళు పడకపోతే ఆ పిల్లాడు సాయంత్రం చూడడు. ఆ నీళ్ళు నేనే పారబోయించాను.

అప్పుడు కనబడింది ఒక చింకి గుడారం. పక్కన ఇనుప ట్యాంకు, చుట్టూ మేకలు. తలకి తుండుగుడ్డ చుట్టుకున్న ఒకడు మేకని అదిలిస్తున్నాడు. "ఏయ్, యాడికి పోతాండావే? ఈ పక్కకు రా, నీ దుంప తెగ!"

తెలుగు! ఆ ఎడారిలో, ఆ వేళలో, రాయలసీమ తెలుగు! నేను వ్యానులోంచి దూకి, "తమ్ముడూ! మనోడివేనా!" అని పరిగెత్తాను. వాడు అదిరిపడి కర్ర ఎత్తాడు. తర్వాత కర్ర జారవిడిచాడు.

"అన్నా! తెలుగాయనవా? ఈడికెట్లా వస్తివి?"

పేరు మస్తాన్, రాయచోటి పక్క. వెనక వస్తున్న సైనికుల్ని చూసి భయపడ్డాడు గానీ, ఫహద్‌ని మోసుకురావడం కనబడగానే మారు మాట్లాడలేదు. ట్యాంకు మూత తీసి చెంబుతో వాడి తల మీద, ఒంటి మీద గుమ్మరించాడు. కాస్త కాస్తగా నోట్లో పోశాడు. ఎవరు, ఎక్కడినుంచి అని ఒక్క ప్రశ్న లేదు. ఫహద్ కళ్ళు తెరిచి మొదట అడిగింది దిండు. ఆ మాట విని ములాజిం వెనక్కి తిరిగి మొహం తుడుచుకున్నాడు.

ఇప్పుడు మిగిలిన కుర్రాళ్ళకి తాగడానికి, రేడియేటర్లకి పోయడానికి కావాలి. ట్యాంకులోకి తొంగిచూశాను. అందరికీ సరిపెడితే అడుగున బురదే మిగులుతుంది.

"అన్నా, మనుషులకు ఇయ్యనని అనను. తాగండి" అన్నాడు మస్తాన్. "కానీ ఆ బండ్లకు గూడా పోస్తే నా మేకలు ఏం తాగల్ల? నీళ్ళ ట్యాంకరు ఇంగా నాలుగు దినాలకు వస్తాది. అంతదాకా ఈ ఎండకు అవి బతుకుతాయా? నన్ను డ్రైవరు పని అని పిలిపిచ్చి ఈడ దింపినారు. ఈ ఎండాకాలం మేకల్ని ఒక్కటి సావకుండా దాటిస్తే టౌన్లో కారు తోలే పని ఇస్తానన్నాడు కఫీల్, నన్ను పిలిపిచ్చిన ఆసామి. సచ్చినాయంటే ఖలాస్, ఇంటికి పంపిచ్చేస్తాడు. నేను ఎద్దుల్ని అమ్ముకొని వచ్చినానన్నా."

నేను ములాజింకి చెప్పాను. తుపాకులున్న సైనికులు, ఒక్కడే కాపరి. తీసుకుంటే అడిగేవాడు లేడు. ఒకడు బకెట్టు పట్టుకుని ట్యాంకు వైపు కదిలాడు కూడా. ములాజిం వాడి భుజం పట్టి ఆపాడు.

"అడుగు సత్తీ. నా తరఫున అడుగు."

నేను అడిగాను. అడగడంతో ఊరుకోలేదు. "రేపు పొద్దున్నే ట్యాంకు నింపిస్తామని ఆఫీసరుగారు మాట ఇస్తున్నారు తమ్ముడూ" అని కూడా అనేశాను. ఆయన అనలేదు, ఆ పాపిష్టి నోరు నాదే.

"ఇంతసేపు ఏం చెప్పావు?" అన్నాడు ములాజిం.

"రేపు నీళ్ళు తెస్తానని మీరు మాట ఇచ్చారని చెప్పాను సిద్దీ."

ఆయన నన్ను అలా చూశాడు. ఇక నా ఇఖామా, అదే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, ఇక్కడే చింపేస్తాడనుకున్నాను. కానీ మస్తాన్ వైపు తిరిగి, చూపుడువేలు తన ముక్కు కొనకి తాకించి "అలా ఖష్మీ" అన్నాడు. నా ముక్కు మీద ఒట్టు అని. కువైట్‌వాళ్ళు ఆ మాట అన్నారంటే పరువు పణం పెట్టినట్టే.

మస్తాన్ నాకేసి చూశాడు. "అన్నా, ముక్కు మీద ఏలేసుకుంటే నీళ్ళొస్తాయా?"

"వీళ్ళకి అది ఒట్టు తమ్ముడూ."

"సరే, పోసుకోండి" అని మూత పక్కన పెట్టేశాడు. ట్యాంకరు వచ్చే జాడ చూపించాడు. ఆ జాడ పట్టుకుని చీకటిపడే వేళకి శిబిరం చేరాం.

మేకలు నా బలగం కాదు

మేజరుగారు జరిగిందంతా విని, దిగబడిన లారీ గురించి మాత్రమే అడిగారు. రేపు దాన్ని తీసుకురమ్మన్నారు. ములాజిం నీళ్ళ ట్యాంకరు కావాలన్నాడు.

"ఎవరికి?"

"మేకలకి సిద్దీ. మాట ఇచ్చాను."

"మేకలు నా బలగం కాదు. సరిహద్దు అవతల యుద్ధం నడుస్తుంటే నా ట్యాంకరు కదలదు. మాట నువ్విచ్చావు, నీళ్ళు కూడా నువ్వే ఇచ్చుకో."

అదండీ మేజరుగారు. నియమం ప్రకారం ఆయన తప్పేమీ అనలేదు. అలాంటివాళ్ళు ఎప్పుడూ తప్పు అనరు, అదే వాళ్ళతో వచ్చిన చిక్కు.

పొద్దున్న నేను వ్యాను దగ్గరికి వెళ్ళేసరికి ఫహద్ నిలబడి ఉన్నాడు. డాక్టరు మంచం దిగొద్దన్నాడు, దిగాడు. తన స్నానం వాటా నీళ్ళు ఒక డబ్బాలో పట్టి, రెండు చేతులతో ఈడ్చుకుంటూ తెచ్చి నా వ్యానులో పెట్టాడు. వెనక ఇంకొకడు. తర్వాత లేసు కట్టుకోవడం రానివాడు, లేసు కాళ్ళకడ్డం పడుతుండగా. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. చూస్తుండగా వ్యాను డబ్బాలతో నిండిపోయింది. చెమటంటే రోగమనుకునే పిల్లలు ఆ రోజు స్నానం మానేశారు. వాళ్ళని చూసి నేను నవ్విన నవ్వులన్నీ ఆ పూట వెనక్కి తీసేసుకున్నాను.

లారీ కోసం, జ్వరం తగ్గిన పఠాన్ కూడా బయల్దేరాడు. "ముందు లారీయా, నీళ్ళా?" అని అడిగాను. "ముందు మాట" అన్నాడు ములాజిం.

కఫీల్ నవ్వు

మేము వెళ్ళేసరికి గుడారం దగ్గర ఒక పికప్ ఆగి ఉంది. మస్తాన్ మూట అందులో వేసేసి ఉంది. కఫీల్, తెల్లగడ్డం పెద్దాయన, అరుస్తున్నాడు. మస్తాన్ తల వంచుకుని నిలబడ్డాడు. పెదాలు పగిలిపోయాయి. తను తాగే డబ్బాలో నీళ్ళు కూడా మేకపిల్లలకి పోసేశాడని తర్వాత తెలిసింది.

ఏ ఘడియలో మాట ఇచ్చామో, తనిఖీకి ఆయన ఆ పొద్దునే రావాలా! ట్యాంకు ఖాళీ. సైనికులు వాడుకున్నారంటే ఆయన నమ్మడంలేదు. నీళ్ళు ఎవరికో అమ్ముకుని కట్టుకథ చెబుతున్నాడంటాడు.

ములాజిం జీపు దిగి సలాం చెప్పాడు. "నిజమే చెబుతున్నాడు. ఆ నీళ్ళు తీసుకున్నది మేమే."

పెద్దాయన ఎగాదిగా చూశాడు. "సైన్యం నీళ్ళ బండి లేకుండా ఎడారిలోకి వస్తుందా?"

"నీళ్ళ బండి ఉంది."

"మరి అందులో నీళ్ళు ఏమయ్యాయి?"

ఇక అయిపోయాను. ఇప్పుడు నావైపు వేలు చూపిస్తాడు. చూపించాలి కూడా, న్యాయమది. కంపెనీకి ఫిర్యాదు వెళ్తుంది, సాయంత్రానికి నా పెట్టె కూడా ఏదో ఒక పికప్‌లో ఉంటుంది. ఎలాగూ తప్పదని నేనే నోరు తెరిచాను.

"ఉస్కుత్" అన్నాడు ములాజిం. నోర్ముయ్ అని. తర్వాత పెద్దాయన కళ్ళల్లోకి చూసి, "ఇసుకకి పోశాను" అన్నాడు.

"ఏమిటీ?"

"బండి దిగబడితే తాగే నీళ్ళు ఇసుకకి పోశాను. గట్టిపడుతుందనుకున్నాను."

అప్పుడు మొదలైంది పెద్దాయన నవ్వు. పికప్ తలుపు పట్టుకుని నవ్వాడు, ఇసుకలో కూలబడి నవ్వాడు, గడ్డం తడిసేలా నవ్వాడు. ములాజిం కళ్ళద్దాలు పెట్టుకోలేదు. ఎర్రబడ్డ మొహంతో అలాగే నిటారుగా నిలబడ్డాడు, సైనికులందరూ చూస్తుండగా.

"దింపుకో నీ మూట" అన్నాడు చివరికి పెద్దాయన, మస్తాన్‌తో. "తన పరువే పోయే ఇలాంటి అబద్ధం ఏ ఆఫీసరూ ఆడడు. ఇది నిజమే."

ములాజిం మొదటి డబ్బా తానే ఎత్తి తొట్టిలో పోశాడు. మేకలు ఆయన్ని తోసేశాయి, ఆఫీసరని చూడలేదు. అక్కణ్ణుంచి లారీ దగ్గరికెళ్ళాం. పఠాన్ టైర్లలో గాలి తీసి, అవి ఇసుక మీద వెడల్పుగా పరుచుకున్నాక చక్రాల ముందు కాస్త తవ్వి, బీడీ కాల్చినంతసేపట్లో బండిని బయటికి తెచ్చాడు. నావైపు చూడలేదు, పుణ్యాత్ముడు.

వెనక్కి బయల్దేరేముందు జీపు పక్కన నిలబడి, "సిద్దీ, అది నా తప్పు. మేజరుగారికి నేను చెబుతాను" అన్నాను.

"నువ్విచ్చింది సలహా సత్తీ. ఆజ్ఞ నాది. సలహా చెప్పినవాణ్ణి చూపించి నేను తప్పుకుంటే, రేపు నాకు ఎవడు నోరు తెరిచి చెబుతాడు?" జీపెక్కుతూ, "నువ్వు మాత్రం తెరవకు" అన్నాడు.

కథలో లేనివాడు

మస్తాన్ మేకల్ని ఎండాకాలం దాటించాడు. కొన్నాళ్ళకి కువైట్ సిటీలో ఒక తెల్లకారు నా పక్కన ఆగి గట్టిగా హారన్ కొట్టింది. తలతిప్పితే మస్తాన్, ఇస్త్రీ చొక్కాలో. నన్ను చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు. రోడ్డు మధ్యలో ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం.

ములాజిం ఆ వేసవంతా మేజరుగారి కోపానికి అదనపు కాపలాలు కాశాడు. తర్వాత నన్ను మళ్ళీ నగరం వర్క్‌షాపుకి పంపేశారు. ఆయనకి పై హోదా వచ్చిందో, ఆ మచ్చతో అక్కడే ఆగిపోయాడో నాకు తెలీదు. కనుక్కునే ధైర్యం రాలేదు.

యుద్ధం ఆగిపోయాక అనుకుంటాను, కువైట్ ఆయన ఒకరు బండి బాగుచేయించుకోవడానికి వచ్చి, టీ తాగుతూ మా వాళ్ళకి కథ చెబుతున్నాడు. దీవానియాల్లో, అంటే వాళ్ళ మగవాళ్ళు కూడి కబుర్లాడుకునే గదుల్లో, అందరికీ తెలిసిన కథేనట. ఒక ములాజిం ఉండేవాడట. బండి దిగబడితే తాగే నీళ్ళన్నీ ఇసుకకి పోశాడట. మేకల నీళ్ళు అడుక్కున్నాడట. ఎవరైనా బుద్ధితక్కువ పని చేస్తే "నాసిర్ ఇసుకకి నీళ్ళు పోసినట్టు" అంటారట. ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ కథలో మేకలున్నాయి, కఫీల్ ఉన్నాడు, ఫహద్ దిండు కూడా ఉంది. నేను లేను. అన్నేళ్ళలో ఒక్కసారైనా, ఒక్కడితోనైనా, నీళ్ళు పోయమన్నది హిందీవాడని, అంటే ఇండియావాడని, ములాజిం చెప్పి ఉంటే నేను అందులో ఉండేవాణ్ణి.

చేతిలో స్పానరు పక్కన పెట్టి, "ఆ నీళ్ళు పోయించింది నేనండీ. నాసిర్ కాదు" అన్నాను.

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి ఇంకా పెద్దగా నవ్వాడు. "నువ్వా? నువ్వు చెబితే ఆఫీసరు వింటాడా?"

"విన్నాడండీ" అన్నాను. ఆయన నమ్మలేదు. బండి తాళం తీసుకుని, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.